కాయిల్ టక్కుమన్నా సిలిండర్ కదలదేం?

ఈ నెల మాకు అందిన సాంకేతిక ప్రశ్నల్లో ఎక్కువ భాగం గాలితో నడిచే యంత్రాల గురించినవే. రైస్ మిల్లుల నుంచి, ప్యాకింగ్ యూనిట్ల నుంచి, ఐ.టి.ఐ. విద్యార్థుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఆరింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఒకే సంగతిని వేర్వేరుగా అడిగిన ఉత్తరాలను కలిపివేశాం.

ప్రశ్న: మా మిల్లులో బియ్యం సంచులు నింపే యంత్రానికి గాలి ఒత్తిడితో గేటు తెరిచి మూసే సిలిండర్ ఉంది. ఉదయం పని మొదలుపెట్టినప్పుడు అది కదలదు. స్విచ్ వేస్తే కాయిల్ దగ్గర టక్‌మని శబ్దం వస్తుంది, దీపమూ వెలుగుతుంది. అరగంట గడిచాక దానంతట అదే పనిచేస్తుంది. ఎలక్ట్రీషియన్ కాయిల్ మార్చినా ఫలితం లేదు. లోపం ఎక్కడ?
— రైస్ మిల్లు ఆపరేటరు, మిర్యాలగూడ

జవాబు: మీరు మార్చిన పాత కాయిల్‌లో దోషం ఉండి ఉండదు. ఆ టక్‌మనే శబ్దమే అందుకు సాక్ష్యం. కరెంటు అందగానే వాల్వ్ మీది తీగచుట్ట, అంటే కాయిల్, అయస్కాంతమై, తన మధ్యనున్న సన్నని గొట్టంలో స్ప్రింగు ఒత్తిడికి కిందికి ఆనుకొని ఉన్న ఇనుప ప్లంజర్‌ను పైకి లాగుతుంది. మీకు వినిపించేది ఆ ప్లంజర్ పైకి వెళ్లి తగిలిన చప్పుడు. అయితే ఆ ప్లంజర్ తెరిచేది సిలిండర్‌కు గాలి వెళ్లే పెద్ద దారిని కాదు, ఇంచుమించు ఒక మిల్లీమీటరు వ్యాసం ఉండే చిన్న రంధ్రాన్ని మాత్రమే. దీన్నే పైలట్ అంటారు. వాల్వ్ లోపల అటూ ఇటూ జరుగుతూ గాలి దారులను తెరిచి మూసే కడ్డీని స్పూల్ అంటారు. ఆ రంధ్రం గుండా వెళ్లిన కొద్దిపాటి గాలి స్పూల్ చివరనున్న బుల్లి పిస్టన్‌ను నెట్టాలి, స్పూల్ జరగాలి, అప్పుడు పెద్ద దారి తెరుచుకోవాలి. అంటే కరెంటు ప్లంజర్‌ను కదిలిస్తుంది, గాలి స్పూల్‌ను కదిలిస్తుంది, మళ్లీ ఆ గాలే సిలిండర్‌ను కదిలిస్తుంది. మీ యంత్రంలో ఉదయం పూట ఈ మూడింటిలో మొదటిది మాత్రమే జరుగుతోంది.

పెద్ద దారిని కాయిల్ చేతనే నేరుగా తెరిపించవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. 6 బార్ల (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి అంత) గాలి ఒక మిల్లీమీటరు రంధ్రం మీద చూపే బలం 50 గ్రాముల బరువుకు మించదు. రంధ్రం 10 మిల్లీమీటర్లయితే ఆ బలం నూరు రెట్లు పెరిగి 5 కిలోలకు చేరువవుతుంది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన కాయిల్‌కు మొదటి పని సులువు. రెండవ పనికి దాని పరిమాణమూ, అది తాగే కరెంటూ ఎన్నో రెట్లు పెరగాలి. అందుకే కాయిల్ చేత చిన్న రంధ్రం తెరిపించి, బరువు పని గాలికి అప్పగించారు. ఈ ఏర్పాటులో ఒక్కటే ఇబ్బంది. స్పూల్‌ను నెట్టడానికి గాలికి కనీస ఒత్తిడి ఉండి తీరాలి. చాలా వాల్వుల్లో అది ఒకటిన్నర నుంచి రెండు బార్ల మధ్య ఉంటుంది, వాల్వ్ మీద అతికించిన లేబుల్ మీదనే రాసి ఉంటుంది.

రాత్రంతా ఏదో కీలు దగ్గర గాలి సన్నగా కారిపోతే తెల్లవారేసరికి ట్యాంకు దాదాపు ఖాళీ అవుతుంది. కంప్రెసర్ దాన్ని మళ్లీ నింపేలోగానే మీరు యంత్రం స్విచ్ వేస్తున్నారు. అరగంటకు దానంతట అదే బాగవడం నా అనుమానాన్ని బలపరుస్తోంది. రేపు ఉదయం యంత్రం పక్కనే ఉన్న, ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటర్ మీటరును చూడండి. కంప్రెసర్ దగ్గరున్న మీటరును నమ్మవద్దు, ఎందుకంటే మధ్యలో ఫిల్టర్ తవుడుతో పూడుకుపోతే అక్కడ 7 బార్లు చూపినా మీ యంత్రానికి రెండు కూడా అందకపోవచ్చు. మీటరులో ఒత్తిడి సరిగానే ఉండి కూడా సిలిండర్ కదలకపోతే, అందరినీ దూరంగా ఉండమని చెప్పి, కాయిల్ పక్కన స్క్రూడ్రైవర్ గాటుతో ఉండే చిన్న బొత్తాన్ని నొక్కండి. అది చేత్తో పైలట్‌ను తెరిచేందుకు పెట్టినది. అప్పుడు కదిలితే లోపం కరెంటు వైపు. అప్పుడూ కదలకపోతే గ్రీజు, దుమ్ము కలిసి గట్టిపడి స్పూల్‌ను పట్టేశాయని అర్థం. వాల్వ్ విప్పి శుభ్రం చేయడమో, రబ్బరు రింగుల కిట్ మార్చడమో చేయాలి. ఈ రెండు పరీక్షలకూ కలిపి ఐదు నిమిషాలు పట్టదు. కొత్త కాయిల్ కొనడం ఆ తరవాతి మాట.

ప్రశ్న: 5/2, 3/2 అనే వాల్వుల పేర్లకు అర్థం ఏమిటి? ఒక కాయిల్ ఉన్నదానికీ, రెండు కాయిల్స్ ఉన్నదానికీ తేడా ఏమిటి? పరీక్షలో గుర్తు గీయగలను కానీ ఎక్కడ ఏది వాడాలో తెలియడం లేదు.
— ఐ.టి.ఐ. విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: మొదటి అంకె వాల్వ్‌కు ఉన్న గాలి దారుల సంఖ్య, రెండవది స్పూల్ నిలిచే స్థానాల సంఖ్య. 5/2 వాల్వ్ శరీరం మీద దారుల పక్కన 1, 2, 3, 4, 5 అని అచ్చు వేసి ఉంటుంది. 1లోకి కంప్రెసర్ గాలి వస్తుంది, 2, 4 సిలిండర్ రెండు చివరలకు వెళతాయి, 3, 5 వాడిన గాలిని బయటికి వదులుతాయి. స్పూల్ ఒక స్థానంలో ఉన్నప్పుడు 1 నుంచి 2కు గాలి వెళుతుంది, 4లోని గాలి 5 ద్వారా బయటికి పోతుంది. రెండవ స్థానంలో 1 నుంచి 4కు వెళుతుంది, 2లోని గాలి 3 ద్వారా పోతుంది. కాయిల్ మీద 14 అని ఉంటే దాన్ని పద్నాలుగు అని చదవకూడదు. 1ని 4తో కలిపే కాయిల్ అని చదవాలి. 12 అయితే 1ని 2తో కలిపేది. ఈ చిన్న కిటుకు తెలిస్తే విదేశాల నుంచి వచ్చిన యంత్రం ముందు నిలబడినా కంగారు పడనక్కర లేదు. గాలితో ఒక వైపుకే కదిలి, స్ప్రింగుతో వెనక్కి వచ్చే సిలిండర్‌కు మూడు దారులున్న 3/2 సరిపోతుంది.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తాను. ఏ వాల్వ్ ఎక్కడ అన్నది యంత్రం నడుస్తున్నప్పుడు ఏం కావాలన్న దానికన్నా, కరెంటు పోయినప్పుడు ఏం కావాలన్న దాన్నిబట్టే తేలుతుంది. ఒకే కాయిల్ ఉన్న వాల్వ్‌లో కరెంటు పోగానే స్ప్రింగు స్పూల్‌ను వెనక్కి నెడుతుంది, సిలిండర్ తన మొదటి చోటికి వెళ్లిపోతుంది. రెండు కాయిల్స్ ఉన్నదానిలో స్ప్రింగు ఉండదు. ఒక్క క్షణం కరెంటు ఇచ్చి తీసేసినా స్పూల్ జరిగిన చోటే ఉండిపోతుంది, కరెంటు పోయినా అక్కడే ఉంటుంది. డ్రిల్లింగ్ చేసేటప్పుడు ఇనుప ముక్కను బిగించి పట్టుకునే సిలిండర్‌కు ఒకే కాయిల్ వాల్వ్ పెట్టారనుకోండి, కరెంటు పోయిన మరుక్షణం పట్టు వదిలేస్తుంది. ఇంకా ఆగని డ్రిల్లు ఆ ముక్కను విసిరికొడుతుంది. అక్కడ రెండు కాయిల్స్ వాల్వ్ కావాలి. అట్టపెట్టె మీద ముద్ర వేసే సిలిండర్‌కైతే వెనక్కి రావడమే క్షేమం కనుక ఒకే కాయిల్ చాలు.

కరెంటు సంగతి అలా ఉంచి, గాలే లేకపోతే ఏం కావాలన్న ప్రశ్నను రైలు బ్రేకులు 19వ శతాబ్దంలోనే తేల్చాయి. అమెరికాలో జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో పేటెంటు పొందిన మొదటి గాలి బ్రేకులో గాలి పంపితే బ్రేకు పడేది. పెట్టెల మధ్య గొట్టం తెగితే గాలి పోయి, బ్రేకు కూడా లేకుండా పోయేది. 1872లో ఆయన తెచ్చిన ఆటోమేటిక్ బ్రేకులో దీన్ని తలకిందులు చేశారు. గొట్టంలో ఒత్తిడి ఉన్నంతసేపూ బ్రేకులు విడిచి ఉంటాయి, అది పడిపోతే ప్రతి పెట్టె కిందా ఉన్న ట్యాంకు గాలితో బ్రేకులు పడతాయి. మన రైళ్లలో ఈ బ్రేకు పైపులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడి ఉంటుంది. చైను లాగితే జరిగేది ఆ గాలిని ఒక వాల్వ్ గుండా బయటికి వదలడమే. పెట్టె దగ్గర బుస్సుమని వినిపించే శబ్దం అదే.

ప్రశ్న: మా ప్యాకింగ్ యంత్రంలో 230 వోల్టుల కాయిల్ ఒకటి పదేపదే కాలిపోతోంది. పక్కనే ఉన్న 24 వోల్టుల కాయిల్స్‌కు ఏమీ కావడం లేదు. నాసిరకం కాయిల్ అనుకొని ఖరీదైనది వేశాం, అదీ వారం తిరగకుండా మాడిపోయింది.
— చిన్న పరిశ్రమ యజమాని, ఏలూరు

జవాబు: ఖరీదైనదైనా కాలక తప్పదు, ఎందుకంటే దాన్ని కాల్చుతున్నది ప్లంజర్. మీ 230 వోల్టుల కాయిల్ లాంటి ఏ.సి. కాయిల్‌లో ప్లంజర్ పూర్తిగా పైకి చేరి, ఇనుప భాగాల మధ్య సందు మూసుకున్న తరవాతే కరెంటు తగ్గుతుంది. అంతవరకు అది మామూలు కన్నా కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. మంచి వాల్వ్‌లో ఈ ప్రయాణం రెప్పపాటులో ముగుస్తుంది కనుక కాయిల్‌కు తెలియను కూడా తెలియదు. కానీ గొట్టంలో తుప్పో, జిగురో, చిన్న చెత్త ముక్కో అడ్డుపడి ప్లంజర్ సగంలో ఆగిపోతే, ఆ పెద్ద కరెంటు అలాగే కొనసాగుతుంది. వేడి కరెంటు వర్గాన్నిబట్టి పెరుగుతుంది. కరెంటు మూడు రెట్లయితే వేడి తొమ్మిది రెట్లు. కొద్ది నిమిషాల్లోనే ప్లాస్టిక్ ఉబ్బి, కాలిన వాసన వస్తుంది.

పక్కనున్న 24 వోల్టులవి డి.సి. కాయిల్స్ అయి ఉంటాయి. డి.సి. కాయిల్‌కు ఈ బాధ లేదు. దానిలో కరెంటును నిర్ణయించేది తీగ నిరోధమే, ప్లంజర్ ఎక్కడున్నా సరే. లేబుల్ మీద 24 వోల్టులు, 4.8 వాట్లు అని ఉంటే కరెంటు 0.2 ఆంపియర్లు, మల్టీమీటరు పెడితే దాదాపు 120 ఓమ్‌లు చూపాలి. అనంతమని చూపితే లోపల తీగ తెగినట్టే.

మీరు చేయవలసింది కాయిల్‌ను పక్కన పెట్టి గొట్టం విప్పి చూడటం. ముందు గాలి, కరెంటు రెండూ ఆపండి. ప్లంజర్‌ను బయటికి తీసి వేళ్ల మధ్య పట్టుకొని దాని ఒంటిని చూడండి. ఒక పక్క మెరుస్తూ అరిగినట్టు గీతలు ఉంటే అది వంకరగా రాసుకుంటోందని అర్థం. గొట్టాన్ని నూనె లేని గుడ్డతో తుడిచి, ప్లంజర్‌ను లోపల వేసి వంచితే తన బరువుకే జారిపోవాలి. జారకపోతే గొట్టమూ ప్లంజరూ కలిపి మార్చండి. ఒక హెచ్చరిక కూడా చేయాలి. కరెంటు ఉండగానే కాయిల్‌ను గొట్టం మీది నుంచి పైకి లాగి, పని చేస్తోందో లేదో చూసే అలవాటు కొందరు మెకానిక్‌లకు ఉంది. లోపల ఇనుము లేని ఏ.సి. కాయిల్ ఇరుక్కుపోయిన ప్లంజర్ కన్నా త్వరగా కాలిపోతుంది. మీ ‘వారం తిరగని’ కాయిల్ కథలో ఇది కూడా ఉందేమో కనుక్కోండి.

ప్రశ్న: సిలిండర్ మెల్లగా కదులుతోంది. ఒత్తిడి పెంచితే కాస్త నయమనిపించి మళ్లీ మామూలే. గాలి వేగం తగ్గించే చిన్న స్క్రూను లోపలికి వెళ్లే గాలి మీద కాకుండా బయటికి వచ్చే గాలి మీద పెట్టాలని అంటారు, ఎందుకు?
— నూనె ప్యాకింగ్ విభాగం ఫిట్టరు, కాకినాడ

జవాబు: రెండు ప్రశ్నలకూ మూలం ఒకటే. పిస్టన్ ముందుకు వెళ్లాలంటే వెనక గాలి చేరడం ఎంత ముఖ్యమో, ముందున్న గాలి బయటికి పోవడమూ అంతే ముఖ్యం. లోపలికి వచ్చే గాలిని మనం పట్టించుకుంటాం, పోయే గాలిని మరిచిపోతాం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కర్మాగారంలో ఇలాగే నిదానించిన సిలిండర్ కోసం ముందు వాల్వ్ మార్చాను, తరవాత సిలిండర్ విప్పి సీళ్లు మార్చాను. ఒక పూట ఉత్పత్తి ఆగిపోయింది. చివరికి పక్కనున్న హెల్పరు వాల్వ్ చివర, బయటికి పోయే గాలి చప్పుడును తగ్గించే ఇత్తడి సైలెన్సర్‌ను వేళ్లతో విప్పాడు. సిలిండర్ ఫట్‌మని చివరికి వెళ్లి కొట్టుకుంది. బొటనవేలంత ఉండే ఆ ముక్క సూదిమొనల్లాంటి రంధ్రాలన్నీ నూనె, దుమ్ము ముద్దలతో మూసుకుపోయి ఉన్నాయి. మీరూ మొదట దాన్నే చూడండి. కిరసనాయిలులో నానబెట్టి, బయటి వైపు నుంచి గాలి కొడితే తరచూ బాగవుతుంది. ధర తక్కువ కనుక కొత్తది వేయడమే మేలు.

వేగం స్క్రూ సంగతి. లోపలికి వచ్చే గాలిని బిగిస్తే, పిస్టన్ కొద్దిగా కదలగానే వెనకనున్న చోటు పెరిగి ఒత్తిడి పడిపోతుంది, పిస్టన్ ఆగుతుంది. మళ్లీ ఒత్తిడి కూడి, సీలు రాపిడిని దాటాక ఒక్క ఉదుటున జరుగుతుంది. అందుకే కుదుపులు. బయటికి పోయే గాలిని బిగిస్తే పిస్టన్‌కు రెండు వైపులా ఒత్తిడి ఉండి, ముందున్న గాలి మెత్తటి దిండులా అడ్డుకుంటూ నిదానంగా తప్పుకుంటుంది. స్ప్రింగుతో వెనక్కి వచ్చే సిలిండర్‌లో ముందు వైపు గాలే ఉండదు కనుక అక్కడ మాత్రం లోపలికి వచ్చే గాలినే బిగించాలి.

ప్రశ్న: వానాకాలంలో వాల్వుల్లో నీళ్లు వస్తున్నాయి. ఇన్ని నీళ్లు ఎక్కడివి?
— రైస్ మిల్లు యజమాని, తణుకు

జవాబు: మీరు పీల్చే గాలిలోవే. 30 డిగ్రీల వద్ద ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 30 గ్రాముల నీటిని ఆవిరిగా పట్టుకోగలదు; తేమ 80 శాతం ఉన్న రోజున అందులో 24 గ్రాములు ఉంటాయి. ఆ గాలిని మామూలు ఒత్తిడి మీద మరో 6 బార్లకు నొక్కి చల్లారనిస్తే అది ఏడో వంతు చోటులో ఇమిడిపోతుంది, 4 గ్రాములకు మించి ఆవిరిని మోయలేదు. మిగిలిన 20 గ్రాములూ నీరే. నిమిషానికి ఒక ఘనపు మీటరు గాలి తీసుకునే కంప్రెసర్ 8 గంటల్లో 9 లీటర్లకు పైగా నీళ్లు తీస్తుంది. ట్యాంకు అడుగు వాల్వ్ రోజూ తెరవకపోతే అవన్నీ మీ పైపుల్లోకి వస్తాయి.

సంచుల యంత్రం ఈ నీటిని కొంత ఓర్చుకుంటుంది కానీ, మిల్లుల్లో మనం సార్టెక్స్ అని పిలుచుకునే, రంగు చెడిన గింజను వేరుచేసే యంత్రం ఓర్చుకోదు. దానిలో వరసగా అమర్చిన బుల్లి వాల్వులు, కెమెరా చూసిన ఒక్క నల్ల గింజ ఎదురుగా రాగానే కొన్ని మిల్లీసెకన్ల పాటు మాత్రమే తెరుచుకొని గాలి ఊదుతాయి. అంతటి స్వల్ప సమయంలో ఒక నీటి చుక్క అడ్డుపడితే చెడ్డ గింజ తప్పించుకుంటుంది, మంచి గింజ కొట్టుకుపోతుంది. దానికి గాలిలోని తేమను తీసేసే డ్రయ్యర్ తప్పనిసరి; పాత ట్యాంకు నుంచి నేరుగా పైపు వేయవద్దు.

ప్రశ్న: యంత్రం బాగుచేయడానికి కంప్రెసర్ ఆపి, మెయిన్ స్విచ్ తీసి, గాలి కాక్ కూడా కట్టేశాను. అయినా చేయి పెట్టగానే సిలిండర్ కదిలింది. అదృష్టవశాత్తూ గ్లవ్ మాత్రమే చిరిగింది. ఇది ఎలా సాధ్యం?
— మెయింటెనెన్స్ టెక్నీషియన్, పుణె

జవాబు: మీరు కట్టేసింది మామూలు బాల్ కాక్ అయి ఉంటుంది. అది వచ్చే గాలిని ఆపుతుందే గాని, అప్పటికే యంత్రంలో చేరిన గాలిని వదలదు. కాక్ నుంచి సిలిండర్ వరకు ఉన్న పైపులన్నీ 6 బార్ల వద్ద అలాగే ఉండిపోయాయి. మెయిన్ స్విచ్ తీయగానే ఒకే కాయిల్ వాల్వుల స్పూల్స్ స్ప్రింగుతో వెనక్కి జరుగుతాయి. ఏదో అడ్డుకు ఆనుకొని ఆగిన సిలిండర్ మీ చేయి ఆ అడ్డును తప్పించగానే వెనక్కి పోతుంది. 50 మిల్లీమీటర్ల సిలిండర్ 6 బార్ల వద్ద నెట్టే బలం 120 కిలోల బరువుకు సమానం, దానికి ఎముక అడ్డు కాదు.

కావలసింది గాలిని ఆపుతూనే, యంత్రం వైపు గాలిని బయటికి వదిలే 3/2 చేతి వాల్వ్. ఫిల్టర్ పక్కన అమర్చుతారు, తాళం వేసే రంధ్రం ఉంటుంది. దాన్ని మూసినప్పుడు బుస్సుమనే శబ్దం వినిపించాలి, మీటరు ముల్లు సున్నాకు పడాలి. ముల్లు పడ్డాక కూడా రెండు చోట్ల అనుమానించండి. మధ్య స్థానంలో అన్ని దారులూ మూసుకొనే 5/3 వాల్వ్ ఉంటే, దానికీ సిలిండర్‌కూ మధ్య గాలి చిక్కుకొని ఉంటుంది, మీటరుకు అది కనిపించదు. ఆ పైపు కీలును ముఖం పక్కకు తిప్పుకొని నెమ్మదిగా వదులు చేయాలి. నిలువు సిలిండర్ గాలి పోగానే తన మీదున్న బరువుతో దిగిపోతుంది కనుక ముందే కింద దన్ను పెట్టాలి.

పని ముగించి గాలి తిరిగి ఇచ్చేటప్పుడు ఇంకొక ప్రమాదం ఉంది. సిలిండర్ రెండు వైపులా ఖాళీగా ఉన్నందున, కాకినాడ పాఠకునికి చెప్పిన ఆ మెత్తటి దిండు మొదటి కదలికకు ఉండదు. వేగం స్క్రూ ఎంత బిగించినా పిస్టన్ దూసుకుపోతుంది. మెల్లగా ఒత్తిడి పెంచే సాఫ్ట్ స్టార్ట్ వాల్వ్ మీ యంత్రానికి లేకపోతే, రెగ్యులేటర్ పిడిని పూర్తిగా వదులు చేసి, అందరినీ దూరంగా నిలబెట్టి, గాలి తెరిచాక పిడిని కొద్దికొద్దిగా బిగించండి.